పాత పేపర్లో వ్యాసానికి జిరాక్సు ఇవ్వొచ్చా?

సంపాదకుడు: సూటిగా అడుగుతాను మేడమ్. పాఠకుడొచ్చి ఫలానా తేదీ పేపర్లో ఫలానా వ్యాసం కావాలంటాడు. మీరు బౌండు దించి, పేజీ వెతికి, జిరాక్సు తీసి చేతిలో పెడతారు. ఆ హక్కు మీకు ఎక్కడిది? 1957 కాపీరైటు చట్టం గ్రంథాలయాలను మరిచిపోలేదు. సెక్షన్ 52లో మీకంటూ ఒక క్లాజు ఉంది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే లైబ్రరీ వాడకానికి మూడు ప్రతులకు మించకుండా తీసుకోవచ్చు. పుస్తకమంటే కరపత్రం, స్వరలిపి కాగితం, పటం, చార్టు, ప్లాను కూడా అని బ్రాకెట్లో విడమరిచి మరీ రాశారు. ఆ బ్రాకెట్లో దినపత్రిక లేదు.

గ్రంథపాలకురాలు: లేదు, ఒప్పుకుంటాను. నేను దాని మీద నిలబడటం లేదు కూడా. అది లైబ్రరీ తన బీరువా నింపుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు. పాఠకుడి సంగతి అదే సెక్షన్ మొట్టమొదటి క్లాజులో ఉంది. సొంత వాడకానికి, పరిశోధనకు ఏ రచననైనా న్యాయమైన మేరకు వాడుకుంటే అది ఉల్లంఘన కాదు. కంప్యూటర్ ప్రోగ్రాములను మాత్రం పక్కన పెట్టారు, పేపర్లను పెట్టలేదు. పగలు బడిలో పాఠం చెప్పి రాత్రిళ్లు పీహెచ్‌డీ రాసుకునే మాస్టారికి 1972 నాటి సంపాదకీయం ఒకటి కావాలి. ఒకే ప్రతి. ఆయన దాన్ని అమ్మడు, అచ్చు వేయడు. ఇది సొంత వాడకం కాకపోతే ఇంకేది?

సంపాదకుడు: వాడకం మాస్టారిది, ప్రతి తీసింది మీరు. రెండూ ఒకటి కావు. ఆయన వచ్చి కూర్చుని నోటుబుక్కులో రాసుకోనివ్వండి, తన ఫోనుతో ఫొటో తీసుకోనివ్వండి, నేను పల్లెత్తు మాట అనను. మధ్యలో ఒక సంస్థ చేరి, కౌంటరు పెట్టి, పేజీకింతని తీసుకుని ప్రతులు ఇస్తూ పోతే అది వేరు. విడివిడిగా చూస్తే ప్రతి ఒక్కటీ న్యాయంగానే కనిపిస్తుంది. ఏడాది మొత్తం కలిపి చూడండి. మా పాత సంచికలకు మీరు ఇంకో అమ్మకం కేంద్రం తెరిచినట్టు ఉంటుంది.

గ్రంథపాలకురాలు: మా బౌండ్లను మీరు ఈమధ్య ముట్టుకున్నారా ఎడిటర్ గారూ? న్యూస్‌ప్రింటు కలపగుజ్జుతో చేసిన చవక కాగితం. అందులోని ఆమ్లం దాన్ని లోపలినుంచి తినేస్తుంది. 1960ల నాటి పేపరు అంచు పట్టుకుని తిప్పితే పొట్టు రాలినట్టు రాలుతుంది. కుట్టు దగ్గర లోపలి కాలమ్ సగం మడతలో కూరుకుపోయి ఉంటుంది, అది ప్రతిలో పడాలంటే బౌండును అదిమి పట్టాలి. అదిమితే వీపు విరుగుతుంది. పూర్తి సైజు పేజీ జిరాక్సు యంత్రం ఏత్రీ గాజు మీద పట్టదు. పైసగం ఒకసారి, కిందిసగం ఒకసారి తీసి అతికించి ఇవ్వాలి. ఇదంతా వచ్చిన ప్రతివాళ్ల చేతికీ వదిలేస్తే పదేళ్లకు వాళ్లకు చూపించడానికి బౌండే మిగలదు. పాఠకుడి చెయ్యి చేయదగిన పనిని నా చెయ్యి జాగ్రత్తగా చేస్తోంది. అంతమాత్రాన న్యాయం అన్యాయం అయిపోతుందా? కెనడా సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇదే ప్రశ్న వచ్చింది. అక్కడి న్యాయవాదుల సంఘం గ్రంథాలయం, అడిగినవాళ్లకు తీర్పులూ వ్యాసాలూ ప్రతులు తీసి ఇచ్చేది, ఫ్యాక్సులో పంపేది. న్యాయశాస్త్ర పుస్తకాల ప్రచురణకర్తలు దావా వేశారు. 2004లో తీర్పు గ్రంథాలయం వైపు వచ్చింది. పాఠకుడి పరిశోధన కోసం చేసిన పని గనక అది న్యాయమైన వాడకమే అన్నారు.

సంపాదకుడు: కెనడా తీర్పు మన కోర్టులకు కట్టుబాటు కాదు. పైగా ఆ తీర్పును మీరు సగమే చెప్పారు. ఆ గ్రంథాలయానికి రాతపూర్వకమైన విధానం ఉంది. ఎవరికి ఇస్తారు, ఎందుకు ఇస్తారు, ఎంతవరకు ఇస్తారు అన్నీ కాగితం మీద ఉన్నాయి. మరీ ఎక్కువ పేజీలు అడిగితే కాదనే అలవాటు ఉంది. కోర్టు అది చూసే ఒప్పుకుంది. మీ దగ్గర అలాంటి కాగితం ఉందా?

గ్రంథపాలకురాలు: లేదు. ఒక రబ్బరు స్టాంపు ఉంది, సొంత అధ్యయనానికి మాత్రమే అని. అది ఎవరు చేయించారో కూడా ఇప్పుడెవరికీ తెలియదు. ఈ లోపం మాదే.

సంపాదకుడు: మీ లోపాన్ని పట్టుకుని వేలాడను. నా అసలు భయం చెప్తాను. ఒకప్పుడు పేపరు విలువ ఆ పూటకే. సాయంత్రానికి పొట్లం. అందుకే పాతవి ఎవరు కాపీ తీసుకున్నా మేం పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రకటనలు ఫోన్లలోకి పోయాయి, పొద్దున వార్త అందరికీ రాత్రే తెలిసిపోతోంది. మాకంటూ మిగిలింది పాత సంచికల నిధి. అది వెతుక్కునేలా పెట్టి చందా వసూలు చేయగలిగితే డెస్కులో ఇద్దరు సబ్ఎడిటర్లను నిలబెట్టుకోగలను. మండలాల్లో కంట్రిబ్యూటర్లు ఉన్నారు. లైన్ అకౌంట్ మీద బతికే మనుషులు. అచ్చయిన కొలతకే డబ్బు. చెరువు ఆక్రమణ మీద నెలంతా తిరిగి, ఎమ్మార్వో ఆఫీసులో నిలబడి, బెదిరింపులు తిని రాసిన వార్తకు కొలబద్ద పెట్టి లెక్క కడతాం. నాకు సిగ్గుగానే ఉంటుంది. ఆ వార్తకు పదేళ్ల తర్వాతైనా నాలుగు రూపాయలు వచ్చే దారి ఉంటే, ఆ దారికి అడ్డంగా మీ యంత్రం ఉంది. అదీ స్కాన్ చేసి మెయిల్లో పంపడం మొదలయ్యాక మరీను. కాగితం ప్రతి ఒకరి దగ్గరే ఆగుతుంది. పీడీఎఫ్ ఆగదు. 2020లో ఢిల్లీ హైకోర్టు ఏం చేసిందో మీకు తెలుసు. దైనిక్ జాగరణ్ ఈ-పేపర్ను రోజూ పంచుతున్న టెలిగ్రామ్ చానళ్లను తీసేయమంది, వాటిని నడిపేవాళ్ల వివరాలు ఇమ్మంది.

గ్రంథపాలకురాలు: పీడీఎఫ్ ఆగదన్న మాటకు తల వంచుతాను. మేం ఒక అభ్యర్థికి పంపిన స్కాన్లు మా స్టాంపుతో సహా గ్రూప్స్ పరీక్షల వాట్సాప్ గుంపులో తిరగడం నేనే చూశాను. అప్పట్నుంచి మెయిల్ అడిగితే చెయ్యి వెనక్కి లాగుతుంది. కానీ దైనిక్ జాగరణ్ గొడవ ఆ రోజు పేపరు, మొత్తం పేపరు, కొనేవాడి చేతిలోకి ఊరికే పోవడం గురించి. నా కౌంటరు దగ్గరికి వచ్చేది ఎవరు? తండ్రికి సన్మానం జరిగినప్పుడు జిల్లా ఎడిషన్లో వేసిన ఫొటో కోసం ఒక కొడుకు. బ్యాంకు వేలం ప్రకటన నిజంగా పడిందో లేదో కోర్టుకు చూపాల్సిన రైతు. వీళ్లకు ఆ ఎడిషన్ మీ ఆఫీసులో దొరుకుతుందా చెప్పండి.

సంపాదకుడు: రైతు మాట వదిలేయండి. కోర్టు వ్యవహారానికి తీసే ప్రతిని చట్టం విడిగా మినహాయించింది, అందులో తగాదా లేదు.

గ్రంథపాలకురాలు: నేను అడిగింది మీ దగ్గర దొరుకుతుందా అని.

సంపాదకుడు: అన్నీ దొరకవు. గోడౌను మారినప్పుడు కొన్నేళ్ల జిల్లా ఎడిషన్లు పోయాయి. మా వార్షికోత్సవ సంచిక కోసం మా పేపరు మొదటి పేజీలను మేమే మీలాంటి గ్రంథాలయానికి వెళ్లి ఫొటో తీసుకున్నాం. దాచింది మీరే. అది కాదనలేను. కానీ దాచినవాళ్లది కాగితం. రాత వాళ్లది కాదు. వేటపాలెం సారస్వత నికేతనం వందేళ్లుగా పాత పత్రికలను కాపాడుతోంది, తెలుగువాళ్లంతా చేతులెత్తి మొక్కాలి. మొక్కినంత మాత్రాన కాపీరైటు చేతులు మారదు.

గ్రంథపాలకురాలు: మారదు. మరైతే ఆ రాత ఎవరిది? మీది అంటున్నారు. చట్టం అంత తేలిగ్గా అనలేదు. సెక్షన్ 17 చూడండి. జీతానికి పనిచేసే విలేకరి రాసినదాంట్లో, పత్రికలో అచ్చు వేసుకోవడం వరకే యజమాని మొదటి హక్కుదారు. మిగిలిన అన్ని విషయాల్లో, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు రాసినవాళ్లదే. ఇక బయటినుంచి రాసే శీర్షికా రచయితలు మీ ఉద్యోగులే కారు. వాళ్లు రాతపూర్వకంగా హక్కు రాసివ్వాలి. రాసిచ్చిన కాగితంలో ఎంతకాలమో లేకపోతే అయిదేళ్లే అని సెక్షన్ 19 అంటోంది. 1985లో మీ ఆదివారం అనుబంధానికి రాసిన కథారచయిత దగ్గర మీరు ఏ కాగితం తీసుకున్నారు?

సంపాదకుడు: మనియార్డరు రసీదు తప్ప ఏమీ ఉండదు.

గ్రంథపాలకురాలు: అందుకే అడుగుతున్నాను. అనుమతి కోసం మీ దగ్గరికి వస్తే, ఇవ్వడానికి మీ చేతిలో ఉన్నదేమిటి?

సంపాదకుడు: మంచి దెబ్బే కొట్టారు. కానీ అది మీకూ తగిలింది చూసుకోండి. నేను హక్కుదారును కానంటే నా సంతకం మీకు పనికిరాదు. ఇంతవరకు ఒక్క సంస్థను అడిగితే సరిపోయేది, ఇప్పుడు వందల మందిని అడగాలి. ఆ కథారచయిత బతికుంటే ఆయన్ను, లేకపోతే ఆయన పిల్లలను. రచయిత పోయిన తర్వాత అరవయ్యేళ్లు హక్కు నడుస్తుంది. 1990లో పోయినవాళ్ల రాతలకు 2050 దాకా. అదే పేజీలో సంతకం లేని వార్తకు అచ్చయిన నాటినుంచి అరవయ్యేళ్లు. పక్కనే కార్టూన్, అది గీసినవాళ్లది. పైన ఏజెన్సీ ఫొటో. మీరు ఒక పేజీ జిరాక్సు తీస్తే ఒక రచన కాదు, అయిదారు రచనలు ఒకేసారి తీస్తున్నారు. ఒక వ్యాసం ఇచ్చాను అంటారేగానీ పేపర్లో ఒక వ్యాసం ఒంటరిగా ఉండదు.

గ్రంథపాలకురాలు: అందుకని తెల్లకాగితాలు కత్తిరించి చుట్టూ కప్పి తీయమంటారా? ఇదివరకు కొన్నాళ్లు అలాగే తీశాం. పరిశోధకులు మొత్తుకున్నారు. ఆ వ్యాసం పతాక శీర్షిక కింద పడిందా, మూడో పేజీలో మూలన పడిందా, పక్కన ఏ ప్రకటన ఉంది, ఇవన్నీ వాళ్లకు చరిత్రే. ఎమర్జెన్సీ రోజుల పేపరు చదివేవాళ్లకు పేజీలో ఖాళీగా వదిలిన చోటు కూడా సమాచారమే. ఇంకో మాట. అదే సెక్షన్ 52, ఆర్థిక, రాజకీయ, సామాజిక, మత విషయాల మీద ఒక పత్రికలో వచ్చిన వర్తమాన వ్యాసాన్ని ఇంకో పత్రిక మళ్లీ వేసుకోవచ్చంటోంది. రచయిత ఆ హక్కు నాకే అని ప్రత్యేకంగా చెప్పుకోకపోతే చాలు. మీ పోటీ పేపరు వేలకు వేల ప్రతుల్లో అచ్చేసి అమ్ముకోవచ్చు, నేను మాస్టారికి ఒక్క ప్రతి ఇస్తే తప్పా?

సంపాదకుడు: అది పత్రికల మధ్య చర్చ ఆగిపోకూడదని పెట్టింది. పైగా అందులో రచయితకు కాదనే వీలుంది. మీ కౌంటరు దగ్గర ఆయనకు ఆ వీలు లేదు. చట్టసభ ఎక్కడ వదులు ఇవ్వాలనుకుందో అక్కడ నోరు విప్పి చెప్పింది. 2012 సవరణలో గ్రంథాలయాలకు కొత్త మినహాయింపు ఇచ్చారు. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర కాగితం ప్రతి ఉంటే దాన్ని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో పెట్టుకోవచ్చన్నారు. పెట్టుకోవచ్చన్నారు, పంచవచ్చని అనలేదు.

గ్రంథపాలకురాలు: ఎవరూ చూడకుండా ఉంచేందుకేనా భద్రపరిచేది? పత్రికా అకాడమీ మన పాత పత్రికలను స్కాన్ చేసి అంతర్జాలంలో పెట్టిన తర్వాత ఎన్ని సిద్ధాంత వ్యాసాల తీరు మారిందో మీకూ తెలుసు. అంతకుముందు ఆంధ్రపత్రిక చూడాలంటే రైలెక్కాలి. ఆ డబ్బు, సెలవు ఉన్నవాళ్లే మన చరిత్ర రాసేవాళ్లు. ఢిల్లీ విశ్వవిద్యాలయం జిరాక్సు షాపు కేసు గుర్తుచేసుకోండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి ప్రచురణ సంస్థలు 2012లో వేసిన దావాను హైకోర్టు 2016లో కొట్టేసింది. కాపీరైటు ప్రకృతి ఇచ్చిన హక్కేం కాదు, చదువుకు దారి తీసేందుకు చట్టం కల్పించినదే అన్న స్పృహ ఆ తీర్పు నిండా ఉంది.

సంపాదకుడు: డివిజన్ బెంచి అదే ఏడాది డిసెంబరులో ఏమందో కూడా చెప్పాలి. బోధనకు అవసరమైన మేరకేనా అన్నది తేల్చమని కేసును మళ్లీ విచారణకు పంపింది. తర్వాత ప్రచురణకర్తలే విరమించుకున్నారు. ఆ కేసు నడిచింది ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఉన్న క్లాజు మీద. అందులో లైబ్రరీ కౌంటరు లేదు. అయినా చదువుకు దారి ఉండాలన్న మాట నాదీను. పేదవాడికి ఒక ప్రతి ఇస్తే నేను కోర్టుకు వెళ్లను. ఇదే కౌంటరు దగ్గరికి ఒక కంపెనీ ప్రచార విభాగం మనిషిని పంపి, రోజూ తమ గురించి వచ్చిన వార్తలన్నీ కటింగులు కట్టించుకుంటే? మీరు వాళ్లనూ పాఠకులే అంటారా?

గ్రంథపాలకురాలు: అనను. కానీ మొహం చూసి ఎలా కనిపెట్టను? చొక్కా నలిగి ఉంటే పరిశోధకుడు, ఇస్త్రీ చేసి ఉంటే కంపెనీ మనిషా?

సంపాదకుడు: బ్రిటన్ దీనికి దారి చూపించింది. పాఠకుడు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. వ్యాపారం కాని పరిశోధనకో సొంత చదువుకో వాడతాను, ఇదివరకు తీసుకోలేదు, ఇంకెవరికీ ఇవ్వను అని. ఒక సంచికలో ఒక వ్యాసమే. రుసుము ఖర్చుకు తగినంతే. హామీ అబద్ధమైతే తప్పు పాఠకుడిది, లైబ్రేరియన్‌ది కాదు. మీకు ఇంతకంటే రక్షణ ఏం కావాలి?

గ్రంథపాలకురాలు: తప్పు పాఠకుడిదే అన్న ఆ వాక్యం మన చట్టంలోకి రేపే వస్తే రేపే సంతోషిస్తాను. ఇవాళ నా పరిస్థితి ఏమిటి? తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలలనుంచి మూడేళ్ల దాకా జైలు. లాభం కోసం కాకపోతే కోర్టు తగ్గించవచ్చు, తగ్గించాలని లేదు. జిల్లా గ్రంథాలయ సంస్థలో చిన్న జీతానికి పనిచేసే మనిషి మీద ఆ కత్తి వేలాడుతుంటే, ఆయన చేసే తేలికైన పని ఒక్కటే, కుదరదని చెప్పి పంపేయడం. మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు సెస్సు కట్టి నడుపుకుంటున్న గ్రంథాలయంలో మన పేపరే మనకు దక్కదు. కానీ మీరన్న హామీ పత్రం దగ్గర నాకో బెరుకు ఉంది. ఎవరు, ఏ తేదీ పేపరు, ఏ వ్యాసం అడిగారు అన్నది సంతకంతో సహా నా ఫైల్లో ఉంటుంది. ఎన్‌కౌంటర్ వార్తల కటింగులు అడిగిన కుర్రవాడి పేరు ఉంటుంది. భూసేకరణ మీద పాత వార్తలు తీయించుకున్న సర్పంచి పేరు ఉంటుంది. ఎప్పుడో ఒకరోజు ఎవరో వచ్చి ఆ ఫైలు ఇమ్మంటారు. మనుషులు ఏం చదివారో రాసిపెట్టే పుస్తకం నా చేత తెరిపించకండి.

సంపాదకుడు: ఈ కోణం నాకు తట్టలేదు. పత్రికవాణ్ని, నాకే ముందు తట్టాల్సింది. మేం వార్త ఇచ్చినవాళ్ల పేరు బయటపెట్టబోమని పంతం పడతాం, మీరు వార్త చదివినవాళ్ల పేరు దాస్తున్నారు. కానీ పేరూ వద్దు, లెక్కా వద్దు, హద్దూ వద్దంటే రచయితకు మిగిలేదేమిటి? న్యాయంగా అన్న ఒక్క మాట. ఆ మాటకు అర్థం చెప్పేది మీ దయ.

గ్రంథపాలకురాలు: హద్దు వద్దనలేదు. పేర్లు రాయకుండా ఎన్ని ప్రతులు, ఏ ఏళ్లవి అన్న లెక్క ఉంచగలను, మీకు ఏడాదికోసారి చూపగలను. కంపెనీ కటింగులు ఆపగలను. ఈ ఏడాది పేపర్లకు ప్రతులు ఇవ్వం, మీ ఈ-పేపర్ కొనుక్కోమని చెప్పగలను. మీరు కూడా ఒకటి చేయాలి. మీ దగ్గర లేని ఏళ్లకు, మూతపడిన పేపర్లకు అడ్డం రాకూడదు.

సంపాదకుడు: మూతపడిన పేపర్ల తరఫున నేను మాటివ్వలేను మేడమ్. అక్కడ రాసినవాళ్ల పిల్లలు ఎక్కడో ఉంటారు.

గ్రంథపాలకురాలు: నా బల్ల మీద ఇప్పుడున్న ఉత్తరమే అది. డల్లాస్‌లో చదువుతున్న మన తెలుగు అమ్మాయి, ఒక స్త్రీ శీర్షికా రచయిత్రి మీద పరిశోధన చేస్తోంది. ఆ పేపరు ఆగిపోయి చాలాకాలమైంది, ఆవిడ పోయి కూడా. ఎనిమిదేళ్ల వారం వారం శీర్షికలు అడుగుతోంది. విడి సంచికల్లో ఒక్కొక్క వ్యాసమే. బ్రిటన్ లెక్క చూసినా హద్దు దాటలేదు.

సంపాదకుడు: అన్నీ కలిస్తే అది ఆవిడ పుస్తకం. ఎప్పుడూ అచ్చు కాని పుస్తకం. రేపు ఆవిడ కూతురు వేసుకుందామనుకుంటే, అప్పటికే అది డల్లాస్‌లో ఒక ఫోల్డర్లో ఉంటుంది. జాడ తెలియని రచయితల కోసం చట్టంలో సెక్షన్ 31ఏ ఉంది, లైసెన్సుకు దరఖాస్తు పెట్టించండి.

గ్రంథపాలకురాలు: అది అచ్చు వేయాలనుకునేవాళ్లకు. ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయించి కోర్టు మెట్లెక్కాలి. జిరాక్సు కోసమా?

సంపాదకుడు: అయితే కొన్ని పంపండి. ఓ పాతిక. మిగతావి వచ్చినప్పుడు చూసుకుంటుంది.

గ్రంథపాలకురాలు: పాతిక ఎందుకు? యాభై ఎందుకు కాదు?

సంపాదకుడు: చెప్పలేను. యాభై అంటే నాకు ఎక్కువనిపిస్తోంది, అంతే.

గ్రంథపాలకురాలు: రోజూ నాకూ అలాగే అనిపిస్తుంది, తేడా ఏమిటంటే సంతకం నాది. ఆవిడ కుటుంబం ఆచూకీ కోసం నాకు తెలిసిన నలుగురు రచయితలకు ఫోన్ చేశాను, మీ పేపర్లో కూడా ఒక చిన్న ప్రకటన వేయండి. ఈలోగా మొదటి రెండేళ్లవీ తీసి పంపుతున్నాను.

సంపాదకుడు: ప్రకటన ఆదివారం వేస్తాను, డబ్బులక్కర్లేదు. పంపడానికి మాత్రం నేను ఒప్పుకున్నట్టు రాయకండి.